కేసు ఎందుకు కొట్టేసిండ్రు? ఠాణా నుంచి తీర్పు దాకా సాక్ష్యం ఎక్కడెక్కడ జారిపోతది

మన దిక్కు ఒక హత్య కేసు కోర్టులో కొట్టేసిండ్రంటే ఊర్లో రెండే మాటలు నడుస్తయి. జడ్జిని మేనేజ్ చేసిండ్రు అని ఒకటి, సర్కారు తరఫు వకీలు పీపీ అవతలోళ్ళ దిక్కు తిరిగిండు అని ఇంకోటి. అసలు అట్లాంటివి ఎక్కడా జరగవని నేను అనను గానీ, కొట్టేసిన కేసుల తీర్పులు తీసుకుని కూసోని చదివితే చాలా వాటిల్లో కనపడే సంగతి వేరే ఉంటది. గొడవ జరిగిన రాత్రే కేసు సగం పోయి ఉంటది, మిగిలిన సగం నాలుగైదేళ్ళ తర్వాత సాక్షి బోనెక్కిన పది నిమిషాల్లో పోయి ఉంటది. ఈ రెండిటి నడుమ ఏం జరుగుతదో జనాలకు ఎవరూ విడమర్చి చెప్పరు, ఠాణాలో చెప్పరు, వకీళ్ళకు టైం ఉండదు, టీవీలో అయితే అరెస్టు చేసిన రోజే తీర్పు ఇచ్చేస్తరు. అందుకే పొడుగైనా సరే మొత్తం రాస్తున్న.

ముందు ఒకటి క్లియర్ చేసుకుందాం. క్రిమినల్ కేసు కాగితం మీద స్టేట్ ఆఫ్ తెలంగాణకూ నిందితుడికీ మధ్య నడుస్తది. సచ్చిపోయినాయన భార్య అందులో పార్టీ కాదు, సాక్షి. నేరం ఒక ఇంటి మీద జరిగినా మొత్తం సమాజం మీద జరిగినట్టే లెక్క కాబట్టి ప్రభుత్వమే ముందుకొచ్చి కేసు నడపాలె, రుజువు చేసే బరువు కూడా మొత్తం ప్రభుత్వం మీదనే ఉంటది. నిందితుడు ఒక్క మాట మాట్లాడకుండా నిలబడ్డా తప్పు పట్టొద్దు, తనకు తానే వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పమని ఎవరినీ బలవంతం చెయ్యొద్దని రాజ్యాంగం ఆర్టికల్ 20(3)లోనే ఉంది. 2010లో సుప్రీంకోర్టు సెల్వి కేసులో నార్కో టెస్టు, లై డిటెక్టర్ లాంటివి కూడా మనిషి ఒప్పుకోకుండా చెయ్యొద్దని చెప్పింది. అంటే నిందితుడి నోట్లోంచి నిజం కక్కించి కేసు గెలిచే దారి చట్టంలో లేదు. బయట నుంచి సాక్ష్యం తేవాలె, తెచ్చింది నిలబడాలె.

చట్టాలు మారిన సంగతి తెలిసే ఉంటది. 2024 జూలై 1 నుంచి నేరాలు, శిక్షలు చెప్పే ఐపీసీ జాగాలో భారతీయ న్యాయ సంహిత, కేసు నడిపే పద్ధతి చెప్పే సీఆర్పీసీ జాగాలో భారతీయ నాగరిక సురక్ష సంహిత, 1872 నాటి ఎవిడెన్స్ యాక్ట్ జాగాలో భారతీయ సాక్ష్య అధినియమం వచ్చినయి. అంతకు ముందు జరిగిన నేరాలు ఇంకా పాత ఐపీసీ సెక్షన్ల మీదనే నడుస్తున్నయి కాబట్టి కోర్టులో రెండు రకాల నంబర్లూ వినపడతయి, దానికి కంగారు పడాల్సింది లేదు, సాక్ష్యం గురించిన అసలు సూత్రాలు పెద్దగా మారలేదు.

ఇప్పుడు ఒక కేసు అనుకుందాం, ఊహించి చెప్తున్న. నల్గొండ జిల్లా నాంపల్లి మండలం దిక్కు ఒక ఊరు, పత్తి చేను గట్టు మీద అన్నదమ్ముల పిల్లల మధ్య ఏండ్ల నాటి పంచాయితీ. పొద్దుగూకే వేళ మాటా మాటా పెరిగి ఒకడు గొడ్డలితో కొట్టిండు. భార్య చూసింది, పక్క చేనులో కూలికి వచ్చినాయన చూసిండు. 108లో దేవరకొండ తీసుకుపోతుంటే దారిలోనే మనిషి పోయిండు. ఇప్పుడు రాత్రి ఎనిమిది, కుటుంబం ఠాణా ముందు ఉంది, ఊరి నుంచి పెద్దమనుషులు వచ్చిండ్రు, ఎవడో దరఖాస్తు రాస్తానని పెన్ను తీసిండు. నా దృష్టిలో కేసు మొత్తంలో అన్నిటికన్నా ప్రమాదకరమైన గంట ఇదే.

ఎందుకంటే దుఃఖంలో, కోపంలో ఉన్నోళ్ళకు "కొట్టినోని ఒక్కని పేరే రాస్తే ఎట్ల, వాని తమ్మున్ని కూడా పెట్టు, హైదరాబాదులో చదివే కొడుకును కూడా పెట్టు, అప్పుడే అందరూ లోపల పడతరు" అని పక్కనోళ్ళు చెప్తరు. పెడ్తరు కూడా. నాలుగేళ్ళ తర్వాత కోర్టులో ఆ కొడుకు ఆ రోజు హైదరాబాదులోనే ఉన్నట్టు కాలేజీ రికార్డు బయటపడ్తది, ఫోన్ టవర్ లొకేషన్ బయటపడ్తది. ఇగ డిఫెన్స్ వకీలు భార్యను అడిగే ప్రశ్న ఒక్కటే, "అమ్మా, మీరు కళ్ళతో చూసిన్నని చెప్పిన ఈ పిల్లగాడు అక్కడ లేనే లేడు కదా, మరి మిగిలినోళ్ళను చూసిన్నన్న మాట ఎట్ల నమ్మాలె?" ఆమె నిజంగనే చూసింది, గొడ్డలి ఎత్తినోన్ని చూసింది, కానీ ఒక్క అబద్ధపు పేరు వల్ల ఆమె నిజం కూడా మసకబారిపోయింది. మన దేశంలో ఒక్క మాట అబద్ధమైతే సాక్ష్యం మొత్తం పారేయాలన్న రూల్ లేదు, తాలు చెరిగి గింజను ఏరుకోవాలని సుప్రీంకోర్టు ఎన్నోసార్లు చెప్పింది. అయినా కొన్ని కేసుల్లో తాలు, గింజ విడదియ్యలేనంతగా కలిసిపోతయి, అప్పుడు అందరూ బయటికి వస్తరు, అసలు చంపినోడు కూడా. ఇది చూస్తే నాకు మస్తు బాధైతది, ఎందుకంటే ఆ పేర్లు చెప్పిచ్చినోళ్ళు తీర్పు రోజు కోర్టు దగ్గరికి కూడా రారు.

ఎఫ్ఐఆర్ గురించి ఇంకో రెండు ముక్కలు. దరఖాస్తులో నేరం కనపడుతుంటే రిజిస్టర్ చెయ్యాల్సిందే అని లలిత కుమారి కేసులో 2013లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. కొత్త చట్టంలో, అంటే నాగరిక సురక్ష సంహితలో (ఇక ముందు వట్టిగ కొత్త చట్టం అంటే ఇదే), మూడేండ్ల నుంచి ఏడేండ్ల లోపు శిక్ష పడే నేరాలకు డీఎస్పీ పర్మిషన్‌తో 14 రోజుల్లో ముందస్తు ఎంక్వైరీ చేసుకునే వీలు ఇచ్చిండ్రు, హత్య లాంటి వాటికి అది వర్తించదు. ఏ స్టేషన్ పరిధి అని చూడకుండా జీరో ఎఫ్ఐఆర్ తీసుకోవాలె, కాపీ ఫ్రీగా ఇవ్వాలె. ఎస్సై తీసుకోకపోతే ఎస్పీకి పోస్టులో పంపొచ్చు, అక్కడా కాకపోతే మేజిస్ట్రేట్ దగ్గరికి పోవచ్చు. ఎఫ్ఐఆర్ కాపీ వెంటనే మేజిస్ట్రేట్‌కు చేరాలె, ఆయన ఏ తారీఖు, ఎన్ని గంటలకు అందిందో దాని మీద రాసి సంతకం పెడ్తడు. డిఫెన్స్ వకీలు ఫైలు తెరవంగనే మొదట చూసేది ఆ చిన్న రాతనే. ఠాణాలో రాత్రి ఎనిమిదికే రాసినం అంటరు, పది కిలోమీటర్ల దూరంలో ఉన్న మేజిస్ట్రేట్‌కు మర్నాడు మధ్యాహ్నం మూడుకు అందితే ఈ మధ్యలో కూసోని పేర్లు అల్లిండ్రు అన్న వాదన వస్తది. ఆలస్యానికి సరైన కారణం చెప్పగలిగితే కోర్టు ఒప్పుకుంటది, ఏ కారణమూ చెప్పకపోతే అదే పెద్ద బొక్క అయితది.

చాలామందికి తెల్వని ఇంకో సంగతి ఉంది. పోలీసోళ్ళు ఇంటికొచ్చి రాసుకునే స్టేట్‌మెంట్ కోర్టులో సాక్ష్యం కాదు. పాత చట్టంలో 161, ఇప్పుడు 180 సెక్షన్ కింద రాసే ఆ స్టేట్‌మెంట్ మీద సాక్షి సంతకం కూడా తీసుకోవద్దు. దాన్ని వాడేది ఒక్క పనికే, సాక్షి కోర్టులో వేరే మాట చెప్తే "నువ్వు అప్పుడు ఇట్ల చెప్పలేదా" అని తేడా చూపించడానికి. ఎఫ్ఐఆర్ కూడా దానంతట అది రుజువు కాదు. జడ్జి ముందు ప్రమాణం చేసి చెప్పి, అవతలి వకీలు క్రాస్‌ను, అంటే అడ్డు ప్రశ్నలను, తట్టుకున్న మాటనే సాక్ష్యం. పోలీసు దర్యాప్తు, క్లూస్ టీమ్, పోస్ట్‌మార్టం, ఫోరెన్సిక్ రిపోర్టు అన్నీ చివరికి ఎవరో ఒక మనిషి నోటి నుంచి ఆ బోనులో బయటికి రావాల్సిందే. "మేమన్నీ పోలీసులకు చెప్పినం కదా, మళ్ళీ ఎందుకు రావాలె" అని విసుక్కునేటోళ్ళకు ఈ ముక్క ఎవరైనా ముందే చెప్తే సగం సాక్షులు రాకుండా ఉండరు.

మరి నిందితుడు పోలీసుల ముందు ఒప్పుకుంటే? ముసుగేసి ప్రెస్ మీట్ పెట్టి "నేరం అంగీకరించాడు" అంటరు, ఊరంతా కేసు అయిపోయిందనుకుంటది. కోర్టులో దాని విలువ సున్నా. పోలీసు ముందు చేసిన ఒప్పుకోలు చెల్లదని బ్రిటిష్ కాలం నుంచీ ఉంది, కొత్త సాక్ష్య చట్టం 23వ సెక్షన్‌లో కూడా అదే ఉంది. కొట్టి ఒప్పిస్తరన్న భయంతోనే ఆ రూల్ పెట్టిండ్రు, అది ఈ రోజుకు కూడా అవసరమే. దానికి ఒక్క మినహాయింపు ఉంది, వాడు చెప్పిన మాట వల్ల కొత్తగా ఒక వస్తువో సంగతో బయటపడితే, ఆ బయటపడ్డ దానికి నేరుగా సంబంధించిన ముక్క వరకు చెల్లుతది. దీని మీద ఇప్పటికీ దేశమంతా చెప్పుకునే కేసు పులుకూరి కోటయ్య కేసు, మద్రాసు రాష్ట్రం కింద ఉన్న తెలుగు ఊళ్ళ కేసు, 1947 రిపోర్టుల్లో ఉన్న ప్రివీ కౌన్సిల్ (బ్రిటిష్ కాలంలో అన్నిటికన్నా పై కోర్టు) తీర్పు. అందులో ఒక నిందితుడు చెప్పిన మాటల సారం ఇది, మేం చెరువు మూల మీద కాపు కాసినం, ఫలానా వాళ్ళను కొట్టి చంపినం, బల్లెం, నా కట్టె ఫలానా ఆయన గడ్డివాములో దాచిపెట్టి ఉన్నయి, వస్తే చూపిస్త. ప్రివీ కౌన్సిల్ ఏమన్నదంటే గడ్డివాములో దాచిపెట్టి ఉన్నయి, చూపిస్త అన్నంత వరకే తీసుకోవాలె, కాపు కాసినం, చంపినం అన్న ముక్కలు తీసేయాలె అని. ఇప్పుడు మన ఊహా కేసులో "గొడ్డలి బోరు మోటారు డబ్బా వెనక దాచిన" అన్నది చెల్లుతది, "దానితోటే చంపిన" అన్నది చెల్లదు. ఆ గొడ్డలికీ హత్యకూ సంబంధం ఉందని వేరే దారిలో రుజువు చెయ్యాలె, దాని మీది రక్తం చనిపోయినాయనదే అని ఫోరెన్సిక్ ల్యాబ్ చెప్పాలె, ఆ గాయం అట్లాంటి ఆయుధంతో అయ్యేదే అని పోస్ట్‌మార్టం చేసిన డాక్టర్ చెప్పాలె.

ఇక్కడే పంచనామా వస్తది. గొడ్డలి దొరికిన జాగాలో ఇద్దరు పంచుల (చూసి సంతకం పెట్టే సాక్షుల) ముందు రాసి, గుడ్డలో చుట్టి, లక్క సీలు వేసి, చీటీ మీద వాళ్ళ సంతకాలు తీసుకోవాలె. మన ఊళ్ళల్లో చాలాసార్లు వీఆర్వోలనే పంచులుగా పెట్టేటోళ్ళు, 2020లో తెలంగాణలో ఆ వీఆర్వో వ్యవస్థనే ఎత్తేసిండ్రు, అప్పట్ల సంతకాలు పెట్టినోళ్ళు వేరే డిపార్ట్‌మెంట్లకు పోయిండ్రు. మామూలు మనుషులు పంచులైతే ఇంకో కష్టం, వాళ్ళు అదే ఊర్లో బతకాలె కాబట్టి బోనులో "సార్ ఠాణాకు పిలిచి సంతకం పెట్టమన్నరు, నేను ఏ గొడ్డలీ చూడలే" అంటరు. కొత్త చట్టం 105వ సెక్షన్‌లో సోదా, స్వాధీనం మొత్తం వీడియో తియ్యాలని పెట్టిండ్రు, నా అభిప్రాయంలో కొత్త చట్టాల్లో వచ్చిన మంచి మార్పుల్లో ఇదొకటి, పంచు మాట మార్చినా వీడియో మాట మార్చదు. ఏడేండ్లు, అంతకన్నా ఎక్కువ శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణుడు జాగాకు వచ్చి చూడాలని కూడా పెట్టిండ్రు, దాన్ని అమలు చెయ్యడానికి రాష్ట్రాలకు ఐదేండ్ల టైం ఇచ్చిండ్రు.

సీలు గురించి తక్కువగా అనుకోవద్దు. గొడ్డలి ఏ రోజు దొరికింది, ఠాణాలో ఎవరి చేతిలో ఉంది, ఏ రోజు హైదరాబాద్ ల్యాబ్‌కు పోయింది, తీసుకుపోయిన కానిస్టేబుల్ ఎవరు, ల్యాబ్‌లో తెరిచినప్పుడు సీలు ఉన్నదున్నట్టు ఉందా, ఇన్ని ప్రశ్నలకు కాగితం జవాబు చెప్పాలె. ఒక్క చోట వారం రోజులు లెక్క తేలకపోయినా ఆ రిపోర్టు మీద అనుమానం పడ్తది. ఫోన్లు, సీసీటీవీలకు కూడా ఇదే, వాటికి తోడు సాక్ష్య చట్టం 63వ సెక్షన్ సర్టిఫికెట్ ఉండాలె, దాంట్లో ఫైల్ హ్యాష్ విలువ (ఫైల్‌ను మార్చలేదని చూపించే నంబర్) రాయాలె, ఒక భాగం ఆ మెషీన్ చూసుకునే మనిషి, ఇంకో భాగం ఎక్స్‌పర్ట్ ఇవ్వాలె. ఈ సర్టిఫికెట్ తప్పనిసరి అని పాత ఎవిడెన్స్ యాక్ట్ 65బీ సెక్షన్ కిందనే 2020లో అర్జున్ పండిట్‌రావు కేసులో సుప్రీంకోర్టు తేల్చేసింది. కిరాణం షాపు కెమెరా డీవీఆర్‌లో పాత రికార్డింగ్ కొన్ని రోజుల్లో దానంతట అదే చెరిగిపోతది కాబట్టి, ఇంటోళ్ళు ఎవరికైనా నా సలహా ఒకటే, మొదటి రోజే ఫలానా షాపుకు కెమెరా ఉందని పోలీసులకు రాతపూర్వకంగా చెప్పండి.

ఇగ పీపీ సంగతికి వద్దాం. సెషన్స్ కోర్టులో పబ్లిక్ ప్రాసిక్యూటర్, అడిషనల్ పీపీలు, కింద మేజిస్ట్రేట్ కోర్టులో అసిస్టెంట్ పీపీలు ఉంటరు. జనాలు ఆయన్ను మా వకీలు అనుకుంటరు, పోలీసోళ్ళు మా వకీలు అనుకుంటరు, చట్టం ప్రకారం ఆయన ఇద్దరి వకీలూ కాదు. 1973 సీఆర్పీసీ వచ్చినప్పుడే ప్రాసిక్యూషన్‌ను పోలీసు చేతిలోంచి విడదీసిండ్రు. కోర్టుకు నిజం తేల్చడంలో సాయం చెయ్యడం ఆయన డ్యూటీ, నిందితుడికి అనుకూలంగా ఉన్న కాగితం దొరికినా దాచొద్దు, 2010లో జెస్సికా లాల్ హత్య కేసు తీర్పులో సుప్రీంకోర్టు ఈ సంగతి గట్టిగా చెప్పింది. ఎట్లయినా సరే శిక్ష వేయించుడు ఆయన పని కాదు. ఇది వింటే బాధితుల కుటుంబానికి కోపం వస్తది, నాకు అర్థమైతది, కానీ రేపు మన పిల్లగాన్ని ఎవడన్నా అబద్ధపు కేసులో ఇరికిస్తే అదే పీపీ నిజాయితీ మనకు కావాలె కదా.

అసలు చిక్కు ఎక్కడంటే పీపీ చేతికి ఫైలు వచ్చేసరికి కట్టాల్సిందంతా ఎస్సై, సీఐ కట్టేసి ఉంటరు, ఆయన ఉన్నదాన్ని నడపాలె గంతే. ఆయన గొడ్డలి దొరికిన జాగా చూడలే, సాక్షిని చాలాసార్లు వాయిదా రోజు పొద్దున కోర్టు వరండాలో మొదటిసారి చూస్తడు, ఆ రోజే ఇంకో మూడు నాలుగు కేసులుంటయి, పక్కన కోర్టు కానిస్టేబుల్ ఫైల్ పట్టుకుని నిలబడి "సార్ ఈయన ఎల్‌డబ్ల్యూ ఫోర్" (ఛార్జిషీట్ లిస్టులో నాలుగో సాక్షి) అంటడు. అందుకే ఛార్జిషీట్ వెయ్యకముందే ప్రాసిక్యూటర్ కళ్ళతో చూపించడం చాలా ముఖ్యం. కొత్త చట్టం 20వ సెక్షన్‌లో డైరెక్టరేట్ ఆఫ్ ప్రాసిక్యూషన్‌కు ఈ పని అప్పజెప్పిండ్రు, పదేండ్లు, అంతకన్నా ఎక్కువ శిక్ష ఉండే కేసుల మీద డైరెక్టర్ నిఘా, ఏడు నుంచి పదేండ్ల లోపు వాటి పోలీసు రిపోర్టులు డిప్యూటీ డైరెక్టర్ చూసి సలహా, ఏడేండ్ల లోపువి అసిస్టెంట్ డైరెక్టర్. కాగితం మీద బాగుంది. దానికి సరిపడా మనుషులను ఇస్తెనే నడుస్తది, అది ప్రభుత్వాన్ని అడగాల్సిన మాట, ఎన్నికలప్పుడు రోడ్ల గురించి అడిగినట్టే దీని గురించి కూడా అడగాలె.

కుటుంబం చేతిలో ఏమీ లేదా అంటే ఉంది. కోర్టు పర్మిషన్‌తో సొంత వకీలును పెట్టుకోవచ్చు, ఆయన పీపీ కింద సాయం చేస్తడు, సాక్ష్యం అయినంక రాతపూర్వక వాదనలు ఇవ్వొచ్చు. దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో 90 రోజుల్లో బాధితులకు చెప్పాలని చట్టంలో ఉంది. ప్రభుత్వం కేసు వాపస్ తీసుకుంటానన్నా బాధితుల మాట వినకుండా కోర్టు ఒప్పుకోవద్దని 360వ సెక్షన్‌లో కొత్తగా చేర్చిండ్రు. ఎస్సీ ఎస్టీ అట్రాసిటీ కేసుల్లో అయితే 15ఏ సెక్షన్ ఇంకా బలంగా ఉంటది, బెయిల్ నుంచి శిక్ష దాకా ప్రతి దశలో బాధితులకు నోటీసు, మాట చెప్పుకునే హక్కు, సాక్షులకు దారి ఖర్చులు. వకీలుకు పైసలు లేకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంది, ఆడవాళ్ళకు, ఎస్సీ ఎస్టీలకు ఆదాయం ఎంతని చూడకుండా ఫ్రీ, 15100 నంబర్‌కు ఫోన్ చేస్తే చెప్తరు.

సాక్షుల దగ్గరికి వస్తే మన పాలమూరు బాధ వేరే ఉంటది. కోస్గి, మక్తల్, నారాయణపేట దిక్కు నుంచి ముంబై, పుణే వలసపోయేటోళ్ళు ఎంతమందో అందరికీ తెలుసు. గొడవ చూసిన కూలాయన భీవండిలో ఉంటడు, సమన్లు ఊరికి వస్తయి, ఇంటికి తాళం ఉంటది, కానిస్టేబుల్ "అందుబాటులో లేడు" అని రాస్తడు. ఎట్లనో పట్టుకుని రప్పిస్తే రెండు రోజుల కూలి పోగొట్టుకుని రాత్రంతా బస్సులో కూసోని వస్తడు, ఆ రోజు డిఫెన్స్ వకీలు రాలేదని వాయిదా పడ్తది. వచ్చిన సాక్షిని వినకుండా వెనక్కి పంపొద్దని, వాయిదాలు రెండుకు మించొద్దని చట్టంలో స్పష్టంగా ఉన్నా నడిచేది నడుస్తనే ఉంటది. రెండోసారి ఆయన రాడు. మూడోసారి వారెంట్ మీద తెస్తే కోపంతో "నాకేం తెల్వదు సార్" అని చేతులు దులుపుకుంటడు. కొత్త చట్టం 530వ సెక్షన్ కింద వీడియోలో సాక్ష్యం చెప్పించే వీలుంది, వలసపోయినోళ్ళ విషయంలో పీపీలు దీన్ని అడిగి వాడుకుంటే చాలా కేసులు నిలబడతయని నా నమ్మకం.

హోస్టైల్ (సాక్షి మాట తిప్పుడు) అన్నా ఇదే. సాక్షి మాట మార్చంగనే పీపీ లేచి కోర్టు పర్మిషన్‌తో తన సాక్షినే క్రాస్ చేస్తడు, పోలీసులకు ఇచ్చిన స్టేట్‌మెంట్‌లోని ఆ ముక్క చదివి "ఇట్ల చెప్పినవా లేదా" అంటడు, "చెప్పలే" అంటే ఆ ముక్కను మార్క్ చేయించి, తర్వాత దర్యాప్తు అధికారి వచ్చినప్పుడు సాక్షి అప్పుడు అట్లనే చెప్పిండని ఆయనతో రుజువు చేయించాలె. ఈ రెండో అడుగు మర్చిపోతే మొదటిది దండగ. హోస్టైల్ అయినంత మాత్రాన ఆ సాక్ష్యం మొత్తం కొట్టుకుపోదు, నమ్మదగ్గ ముక్క ఉంటే తీసుకోవచ్చు. మాట ఎందుకు మారుస్తరంటే సగం భయం, సగం రాజీ. హత్య కేసుకు చట్టంలో రాజీ లేదు, కాబట్టి పెద్దమనుషుల ముందు ఎకరమో రెండెకరాలో మాట్లాడుకుని, దాన్ని కోర్టులో సాక్షులు తిరిగిపోయినట్టు నడిపిస్తరు. పిల్లలను పెట్టుకుని ఒంటరిగా మిగిలిన ఆడమనిషి మీద ఊరంతా ఒత్తిడి తెస్తే ఆమె ఎన్ని రోజులు నిలబడ్తది? ఆమెను తప్పు పట్టే హక్కు ఎవరికీ లేదు. 2018లో మహేందర్ చావ్లా కేసులో సుప్రీంకోర్టు ఆమోదించిన సాక్షుల రక్షణ పథకం ఉంది, ప్రతి జిల్లాలో జిల్లా జడ్జి అధ్యక్షుడిగా కమిటీ, పోలీసు అధికారి సభ్యుడు, ప్రాసిక్యూషన్ అధికారి మెంబర్ సెక్రటరీ. దరఖాస్తు ఇస్తే ముప్పు ఎంతుందో చూసి రక్షణ ఇస్తరు. మన ఊళ్ళల్లో ఈ పథకం పేరే విననోళ్ళు ఎక్కువ.

మరణ వాంగ్మూలం మీద కూడా చెప్పాలె, ముఖ్యంగా కాలిన గాయాలతో ఆస్పత్రికి వచ్చే ఆడపిల్లల కేసుల్లో. మేజిస్ట్రేట్ వార్డుకు వచ్చి ముందు అందరినీ బయటికి పంపిస్తడు, నీ పేరేంది, నీ భర్త పేరేంది, ఇది ఏ జాగా, నేనెవరో తెలుసా అని చిన్న చిన్న ప్రశ్నలు అడిగి ఆమె సోయిలో ఉందా లేదా తేల్చుకుని, డాక్టర్‌తో రాయించుకుని, అప్పుడు ఏం జరిగిందమ్మా అంటడు. ఈ ఒక్క కాగితం మీదనే శిక్ష పడొచ్చు. డాక్టర్ సర్టిఫికెట్ లేకున్నా రాసుకున్నాయన నమ్మితే చెల్లుతదని 2002లో లక్ష్మణ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కానీ మేజిస్ట్రేట్ రాకముందు అత్తింటోళ్ళు పక్కనుండి "స్టవ్ పేలిందని చెప్పు, పిల్లల మొఖం చూడు" అంటే ఆమె డాక్టర్‌తో అదే చెప్తది, తర్వాత నిజం చెప్తది, రెండు వాంగ్మూలాలు అయితయి, కేసు అక్కడనే చిక్కుపడ్తది. పుట్టింటోళ్ళు ఆస్పత్రికి ఎంత తొందరగా చేరుకుంటే అంత మంచిది.

ఎవరూ చూడని నేరాల్లో ఎట్ల అంటే, ఒక్కొక్క సందర్భాన్ని రుజువు చేసి గొలుసు పూర్తి చెయ్యాలె, నిందితుడు తప్ప ఇంకెవరూ చేసి ఉండే వీలే లేదన్నట్టు తేలాలె. 1984లో శరద్ బిర్ధిచంద్ సర్దా కేసులో పెట్టిన కొలత ఇది. మన బొమ్మలరామారం మండలం హాజీపూర్ కేసు గుర్తుంది కదా, 2019లో బావుల్లో ఆడపిల్లల శవాలు దొరికిన కేసు, దాంట్లో కూడా సందర్భాలు, శాస్త్రీయ ఆధారాలు పేర్చుకుంటూ పోతేనే 2020 ఫిబ్రవరిలో నల్గొండ పోక్సో కోర్టు (పిల్లల మీద లైంగిక నేరాల కోర్టు) ఉరిశిక్ష దాకా వచ్చింది. మిర్యాలగూడలో 2018 సెప్టెంబర్‌లో ఆస్పత్రి బయట పట్టపగలు జరిగిన పరువు హత్యలో సీసీటీవీ దృశ్యం దేశమంతా చూసింది, అయినా తీర్పు వచ్చింది 2025 మార్చి 10న, ఒకరికి ఉరి, ఆరుగురికి యావజ్జీవం. వీడియో ఉన్నాక ఆరేండ్లు ఎందుకని చాలామంది అడిగిండ్రు. వీడియోలో నరికినోడు కనపడ్తడు, వాన్ని పంపినోడు, పైసలు మాట్లాడినోడు, మధ్యలో ఉన్నోడు కనపడడు, వాళ్ళందరినీ కలిపే దారం ఒక్కొక్కటే రుజువు చెయ్యాలె. కింది కోర్టు ఉరి వేసినా హైకోర్టు ఖాయం చెయ్యాల్సిందే.

ఈ లెక్కలో షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లి ఎన్‌కౌంటర్ (దిశ కేసు) గురించి కూడా రాయకుంటే నాకు మనసొప్పదు. 2019 నవంబర్‌లో ఆ డాక్టర్ బిడ్డ మీద జరిగిన ఘోరానికి నేనూ నిద్రపోలే, డిసెంబర్ 6 పొద్దున నలుగురు నిందితులు పోలీసు కాల్పుల్లో సచ్చిపోతే జనం పూలు చల్లిండ్రు, పటాకులు కాల్చిండ్రు. తర్వాత సుప్రీంకోర్టు వేసిన సిర్పూర్కర్ కమిషన్ రిపోర్టు 2022 మేలో బయటికొచ్చింది, చంపాలన్న ఉద్దేశంతోనే కాల్చిండ్రని, నలుగురిలో ముగ్గురు అప్పటికి మైనర్లని, పది మంది పోలీసుల మీద విచారణ జరగాలని చెప్పింది. ఇక్కడ జనం పోగొట్టుకున్నది ఏందో చూడాలె. ఆ నలుగురి మీద ఉన్న సాక్ష్యం ఏ కోర్టులోనూ పరీక్షకు నిలబడలే, ఎవరు ఏం చేసిండ్రు, ఎవరి పాత్ర ఎంత, ఇవేవీ రుజువైన తీర్పుగా ఇంక ఎన్నటికీ రావు. ఆ బిడ్డ తల్లిదండ్రులకు కూడా ఆ కాగితం రాదు.

కొన్ని నేరాల్లో చట్టమే బరువును కొంత అటు జరిపింది, పెళ్ళైన ఏడేండ్లలోపు కట్నం వేధింపుల మధ్య కోడలు అసహజంగా సచ్చిపోతే, పోక్సోలో మూల సంగతులు రుజువైతే, నిందితుడే జవాబు చెప్పుకోవాలె. రాత్రి ఇంట్లో ఇద్దరే ఉండి ఒకరు పోతే, ఉన్నాయన తనకు మాత్రమే తెలిసిన సంగతి చెప్పాలె. అయినా మొదటి మెట్టు ప్రాసిక్యూషనే ఎక్కాలె.

ఇగ కేసు కొట్టేసినంక ఏం చెయ్యాలె అని అడిగేటోళ్ళకు. అనుమానం మిగిలిపోతే నిందితుడికి ఇచ్చుడు చట్టం, దాన్ని పట్టుకుని జరిగిందంతా అబద్ధమని కోర్టు చెప్పినట్టు అనుకోవద్దు. ప్రభుత్వం అప్పీలుకు పోకపోయినా బాధితులు సొంతంగా పోవచ్చు, పాత చట్టంలో 372, కొత్త దాంట్లో 413వ సెక్షన్ ఆ హక్కు ఇస్తది. ముందు తీర్పు సర్టిఫైడ్ కాపీకి దరఖాస్తు పెట్టండి, చదవరాకపోతే వకీలు దగ్గర కూసోని ఒక్కొక్క పేరా చదివించుకోండి, ఎఫ్ఐఆర్ ఆలస్యమా, పంచులు తిరిగిండ్రా, సీలు తేడానా, దర్యాప్తు అధికారి రాలేదా, ఎక్కడో ఒక చోట రాసి ఉంటది. తప్పు దర్యాప్తులో ఉంటే 2014లో కిషన్‌భాయ్ కేసు తీర్పు మీకు పనికొస్తది, కొట్టేసిన ప్రతి కేసునూ పోలీసు, ప్రాసిక్యూషన్ పెద్దాఫీసర్ల కమిటీ కూసోని చూడాలె, లోపం ఎవరిదో గుర్తించాలె, కావాలని చేసినా నిర్లక్ష్యంతో చేసినా ఆ అధికారి మీద శాఖాపరమైన చర్య తీసుకోవాలె అని సుప్రీంకోర్టు రాష్ట్రాలన్నిటికీ ఆదేశం ఇచ్చింది. మీ కేసు మీద ఆ కమిటీ కూసుందా, ఏం తేల్చింది అని సమాచార హక్కు కింద రాతపూర్వకంగా అడగండి.